ఐదు యూనిట్ల కంపెనీ

కొత్తగా పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వచ్చి, కాఫీ తాగి, "క్లాసులో ఎవరూ వినడం లేదు మేడమ్, ఏం చేయమంటారు?" అని అడుగుతారు. నన్నడిగితే ఏం చెప్పను? నాచారంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రిటైరయ్యేదాకా బీబీఏ వాళ్ళకి కాస్ట్ అకౌంటింగ్ చెప్పాను. బాగా చెప్తానని పేరు. ఆ పేరు చాలావరకు నేనే పెట్టుకున్నాను. కానీ మొత్తం ఉద్యోగంలో ఒక్క పాఠం నిజంగా బాగా జరిగిందని చెప్పమంటే, నేను నోరు విప్పని పాఠం గురించే చెప్పాల్సి వస్తుంది. అదే చెప్తాను, వినండి. పేర్లు మాత్రం అడక్కండి. వాళ్ళందరూ నా వాట్సాప్‌లో ఉన్నారు.

ప్రతి ఏడూ కొత్త క్లాసుకి వెళ్ళిన మొదటి రోజు నేను పుస్తకం తెరిచేదాన్ని కాదు. "నేర్చుకోవడం అంటే ఏంటి నాయనా?" అని ఒక్కొక్కరినీ లేపి అడిగేదాన్ని. వాళ్ళు చెప్పే జవాబును బట్టి ఆ ఏడాదంతా ఎట్లా చదువుతారో నాకు తెలిసిపోయేది. "గుర్తు పెట్టుకునుడు మేడమ్" అన్న అమ్మాయి పుస్తకం మొత్తం పసుపు పెన్నుతో గీసేస్తుంది. చివరికి గీయకుండా వదిలేసిన వాక్యం ఎక్కడుందో మనం వెతుక్కోవాలి. "పాసయ్యేతందుకు మేడమ్" అన్నవాడు పరీక్షలకి వారం ముందు ప్రత్యక్షమై ఇంపార్టెంట్ క్వశ్చన్లు అడుగుతాడు. "సబ్జెక్టు మన దగ్గర ఉండుడు" అన్నవాడు నేను బోర్డు మీద వేసిన ప్రతి లెక్కనీ ఫోన్లో ఫోటో తీస్తాడు. తీసినదాన్ని మళ్ళీ చూడడు. ఫోన్లో ఉందన్న ధైర్యం చాలు వాడికి. వాళ్ళ అక్క సీమంతం ఫోటోల మధ్య నా బ్రేక్ ఈవెన్ చార్టు ఎక్కడో ఉండేది.

ఆ ఏడు మాత్రం అన్నోజిగూడ నుంచి వచ్చే ఒక అబ్బాయి లేచి, చొక్కా సర్దుకుని, కొత్త జవాబు చెప్పాడు.

"మేడమ్, మేనేజ్‌మెంట్ అంటే ఏంది? పని ఇంకొకలతోని చేపిచ్చుడు. ఫస్ట్ ఇయర్ల మన కాలేజోల్లే చెప్పిన్రు. మేం బీబీఏ గద. మా చదువుడు గూడ గట్లనే ఉండాలె."

"అంటే నీ బదులు ఇంకొకరు చదువుతారా?"

"అందరం చదువుతం మేడమ్. జర పంచుకుంటం, గంతే."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి కూర్చోమన్నాను. వాడు హాస్యమాడాడనే అనుకున్నాను. వాడు చెప్పింది వాడి వ్యాపార ప్రణాళిక అని అప్పుడు నాకు తెలియదు.

తెలిసింది ఇంటర్నల్ పరీక్ష రోజున. ప్రశ్నపత్రాలు పట్టుకుని వరండాలో వస్తుంటే ఆ అబ్బాయీ, వాడి స్నేహితులు ముగ్గురూ మెట్ల దగ్గర చేరి గాభరా పడుతున్నారు.

"యూనిట్ ఫోర్ ఇంక రాలేదురా!"

"యూనిట్ ఫోర్‌కి జ్వరమంట. వాళ్ళమ్మ దవాఖానాకు తీస్కపోయింది."

"గిప్పుడెట్ల మరి?"

పుస్తకంలో నాలుగో యూనిట్‌కి జ్వరం రావడమేమిటి, వాళ్ళమ్మ ఎవరు అని నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను. తర్వాత ఆరా తీస్తే మొత్తం బయటపడింది. ఐదుగురు కలిసి ఒక కంపెనీ పెట్టుకున్నారు. సిలబస్‌లో ఐదు యూనిట్లు, మనుషులు ఐదుగురు. ఒకే పుస్తకం కొని, దాన్ని బ్లేడుతో ఐదు ముక్కలుగా కోసి, తలా ఒక ముక్క తీసుకున్నారు. ఎవరి ముక్క వాళ్ళే చదవాలి, పక్కవాడి ముక్క ముట్టుకోకూడదు. పరీక్ష రోజు పొద్దున్నే ఉప్పల్ చౌరస్తా పైన ఉన్న నడక వంతెన, స్కైవాక్ మీద కలుసుకుని, ఎవరి యూనిట్ వాళ్ళు మిగతా నలుగురికీ చెప్పాలి. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరికీ సొంత పేర్లు లేవు, యూనిట్ నంబర్లే.

అన్నోజిగూడ అబ్బాయి యూనిట్ వన్. కంపెనీకి ఎండీ కూడా వాడే. యూనిట్ వన్‌లో కాస్ట్ అంటే ఏమిటి, దాని వల్ల లాభాలేమిటి, పరిమితులేమిటి అని కబుర్లు తప్ప ఒక్క లెక్క ఉండదు. ఎండీలు ఎక్కడైనా అంతే. అసలు భారమంతా యూనిట్ త్రీ మీద ఉంటుంది. ఎంత అమ్మితే నష్టం పోయి లాభం మొదలవుతుందో తేల్చే బ్రేక్ ఈవెన్ లెక్కలన్నీ అందులోనే. దాన్ని నాగారం నుంచి వచ్చే ఒక నెమ్మదస్తురాలైన అమ్మాయికి అంటగట్టారు.

స్టాఫ్ రూములో ఈ సంగతి చెప్తే మా స్టాటిస్టిక్స్ సార్ కుర్చీలోంచి జారిపోయేంత నవ్వారు.

"తప్పేమున్నది మేడమ్? పెద్ద పెద్ద కంపెనీలన్ని గట్లనే నడుస్తున్నయ్. పోరలు మనకన్న ముందున్నరు."

ఆయన మాటకేం లెండి. ఆయన పాత ప్రశ్నపత్రాలన్నీ ముందేసుకుని, ఈసారి ఏ ప్రశ్నలు వస్తాయో ఏటా జోస్యం చెప్పే మనిషి. చెప్పింది వస్తే ఆయన గొప్ప, రాకపోతే యూనివర్సిటీ తప్పు.

నేను మాత్రం ఎండీని పిలిచి గట్టిగానే అడిగాను. "పరీక్ష హాల్లో ఐదు యూనిట్లూ నువ్వొక్కడివే రాయాలి కదరా? మిగతా నాలుగూ నీకెట్లా వస్తాయి?"

"ఇంటం గద మేడమ్. మంచిగ చెప్తే, మంచిగ ఇంటే, వస్తది. మీరు చెప్తుంటే మేం ఇంటలేమా? గిది గూడ గదే."

నేను చెప్తే వాళ్ళకి వచ్చేస్తుందన్న నమ్మకం మీదే కదా నా జీతం నడుస్తున్నది. అది తప్పని ఆ కుర్రాడికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? సరే వెళ్ళమన్నాను.

యూనివర్సిటీ పరీక్ష అయిపోయిన సాయంత్రం వాడు మెరిసిపోతూ స్టాఫ్ రూముకి వచ్చాడు.

"యూనిట్ త్రీ ప్రాబ్లమ్ అచ్చం బుక్కుల ఉన్నట్టే దించిన మేడమ్. ఒక్క అంకె గూడ పోలే."

నేను ప్రశ్నపత్రం తీసి చూశాను. "ఇందులో అంకెలు వేరే ఉన్నాయి కదరా?"

"అవు మేడమ్, నేను గూడ సూసిన. ప్రింటింగ్ మిస్టేక్ అనుకున్న. అందుకే కరెక్టయినవి ఏసిన."

పొద్దున స్కైవాక్ మీద నాగారం అమ్మాయి పుస్తకంలో ఉన్న లెక్క చెప్పింది. వీడు ఆ లెక్కని, అంకెలతో సహా, దేవుడి పటంలాగా భద్రంగా మోసుకెళ్ళి జవాబు పత్రంలో దించాడు. లెక్క అంటే అదే అని వాడు నమ్మాడు. నమ్మకానికి వంక పెట్టలేం.

ఫలితాలొచ్చాయి. నాగారం అమ్మాయికి మంచి మార్కులు. యూనిట్ ఫోర్ సహా మిగతా ముగ్గురూ ఎట్లాగో గట్టెక్కారు. ఎండీ ఒక్కడే తప్పాడు, అదీ నా పేపరు ఒక్కటే. ఆ తర్వాత సెమిస్టరులో అన్నీ పాసయ్యాడు, ఇది మాత్రం వెనకాలే మిగిలింది.

అది మామూలు సమయమైతే నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. కానీ అప్పటికే పోచారంలోని ఒక కంపెనీ వాళ్ళు మా కాలేజీకి వచ్చి ఇద్దరిని ఎంచుకున్నారు. ఒకరు నాగారం అమ్మాయి, రెండోవాడు వీడు. ఇంటర్వ్యూలో ఎవరైనా వాడికి పడిపోవాల్సిందే, మాట అట్లాంటిది. పేపర్లన్నీ పాసైతేనే చేర్చుకుంటామని వాళ్ళు షరతు పెట్టారు. అమ్మాయి చేరిపోయింది. వీడి కోసం ఆ ఏడాది ఆఖరు దాకా సీటు ఉంచుతామన్నారు. మధ్యలో వాడికి మిగిలింది ఒకే ఒక్క పరీక్ష, జూనియర్లతో కలిసి రాయాలి. అది తప్పితే ఉద్యోగం లేదు. వాళ్ళ ఇంటి డాబా ఎక్కితే ఆ ఆఫీసు అద్దాలు కనిపిస్తాయట. వాళ్ళ నాన్న వచ్చిన చుట్టాలందరినీ పైకి తీసుకెళ్ళి, "మావోడు చేసేది గందులనే" అని ముందే చూపించేశాడట.

అట్లాంటి పరిస్థితిలో వాడు ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా ఇస్త్రీ లేదు.

"మేడమ్, ఇంపార్టెంట్స్ ఇయ్యుండ్రి మేడమ్. పది ఇచ్చినా సాలు."

నేను జవాబు చెప్పలేదు. చెప్పడానికి నాకు గొంతు లేదు. అంతకు కొద్ది రోజుల ముందే పాఠం మధ్యలో గొంతు పట్టేసి, తర్వాత పూర్తిగా పోయింది. నాచారంలో డాక్టరు గారు గొంతులోకి గొట్టం పెట్టి చూసి, లోపల చిన్న కాయలాంటిది లేచిందని, నెల రోజులు మాట్లాడకూడదని, గుసగుసలు కూడా కుదరవని చెప్పారు. పక్కనే కూర్చున్న మా వారు, "నెల చాలంటారా డాక్టరు గారూ? ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటే మంచిదేమో" అన్నారు. ఆ మనిషి మొహంలో అంత వెలుగు మా పెళ్ళినాడు కూడా చూడలేదు.

మా కాలేజీలో ఒకరికి గొంతు పోతే ఇంకొకరిని తెచ్చే అలవాటు లేదు. ప్రిన్సిపాల్ గారు నా కాయ గురించి డాక్టరు చీటీలో వివరంగా చదివి, చాలా బాధపడి, "మరి సిలబస్ ఎట్లా మేడమ్?" అన్నారు. అందుకే నేను రోజూ వెళ్ళి, బోర్డు మీద రాసి, చూపుడు వేలుతో పాఠం చెప్తున్నాను. పిల్లలు ఫోటోలు తీసుకుంటున్నారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఎండీ అట్లా నిలబడి ఉండగా నాకు ఆ మొదటిరోజు జవాబు గుర్తుకొచ్చింది. స్టాఫ్ రూములో ఉన్న తెల్ల బోర్డు మీద "మేనేజ్‌మెంట్ అంటే పని ఇంకొకరితో చేయించడం" అని రాశాను. వాడు చదివి తలూపాడు. నేను నా గొంతు చూపించాను. తర్వాత వేలు వాడి వైపు చూపించాను.

"నేనా మేడమ్?" వాడు వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమో చూసుకున్నాడు. "ఫెయిలైనోన్ని!"

ప్రిన్సిపాల్ గారూ సరిగ్గా అదే అన్నారు. "ఫెయిలైనోడు పాఠం చెప్తే మన పర్సంటేజీ ఏం గావాలె మేడమ్?" అప్పుడు స్టాటిస్టిక్స్ సార్ అడ్డం పడి, "మేడమ్ వెనకాల్నే కూసుంటరు గద సార్. వీడు మేడమ్ గొంతు, గంతే" అని ఒప్పించారు. ఒప్పుకోక ప్రిన్సిపాల్ గారికీ వేరే దారి లేదు.

జూనియర్లకి వాడంటే హుషారు. కాలేజీలో వాడి పేరు అప్పటికే మోగిపోయి ఉంది. "అన్నా, అన్నా" అంటూ మొదటి రోజే చుట్టూ చేరారు. నేను బోర్డు మీద శీర్షికలు రాసి చివరి బెంచీలో కూర్చునేదాన్ని. యూనిట్ వన్ వాడి సొంత ఆస్తి, చేతులు ఊపుతూ దర్జాగా లాగించేశాడు. యూనిట్ టూకి యూట్యూబ్‌లో వీడియోలు డబుల్ స్పీడులో చూసి, విన్నది విన్నట్టు, దాదాపు అంత వేగంతోనే అప్పజెప్పాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగనంత కాలం అందరికీ అన్నీ వచ్చినట్టే ఉంటుంది. అది నా క్లాసుల్లోనూ అంతేనని నేను ఆ చివరి బెంచీలోంచే మొదటిసారి చూశాను. ముందు నిలబడితే కనిపించని సంగతులు అక్కడ చాలా కనిపిస్తాయి. మీరూ ఒకసారి కూర్చుని చూడండి.

ఇంక యూనిట్ త్రీ రోజు. ఆ పొద్దున మా వంటింట్లో పాల గిన్నె పొంగి స్టవ్వు మీదికి వచ్చింది. నేను "అయ్యో, పాలు!" అని అరిచాను. అరిచిన తర్వాత నాకే ఆశ్చర్యం వేసింది. ముందు గదిలోంచి మా వారు, "అప్పుడే వచ్చేసిందా?" అన్నారు, కొంచెం దిగులుగా.

గొంతు వచ్చింది. కొద్దిగా గరగరగా ఉన్నా బాగానే ఉంది. ఇంక ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి మూడో యూనిట్ నేనే చెప్పేద్దాం, పాపం వాడికీ పనికొస్తుంది అనుకుంటూ కాలేజీకి వెళ్ళాను. వెళ్ళేసరికి వాడు మొదలుపెట్టేశాడు. బోర్డు నిండా ముత్యాల్లాంటి అక్షరాలు. కాగితం చూడకుండా రాస్తున్నాడు. చూస్తే అదే లెక్క, పుస్తకంలో ఉన్నది, అవే అంకెలు. పరీక్షలో వాణ్ణి ముంచిన లెక్కని మళ్ళీ కంఠతా పట్టి వచ్చాడు. నేను మాట్లాడదామని లేవబోయాను.

అప్పుడే నా ముందు వరసలోంచి ఒక జూనియర్ కుర్రాడు చెయ్యెత్తాడు. ఉప్పల్ వాడు, క్లాసులో ఎప్పుడూ నిద్రమొహంతో ఉండేవాడు.

"అన్నా, అమ్మే రేటు జర తగ్గిస్తే ఏమైతది?"

"గట్ల లెక్కల ఇయ్యలే."

"ఇయ్యలే గని అన్నా, తగ్గిస్తే?"

"తగ్గిస్తే…" అని ఎండీ బోర్డు వైపు తిరిగాడు. లెక్కలో ఒక అంకె చెరిపాడు. ఏం రాయాలో తెలియలేదు. చెరిపిన చోట మళ్ళీ పాత అంకే రాశాడు. "తగ్గిస్తే… ఏమో… లాభం తగ్గుతది గావచ్చు" అన్నాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు. క్లాసు మొత్తం నా వైపు తిరిగింది.

జవాబు నా నాలుక చివరన ఉంది. గొంతు కూడా వచ్చేసింది. రెండు వాక్యాలు చెప్తే సరిపోతుంది, అవి నేను కొన్ని వందలసార్లు చెప్పిన వాక్యాలే. కానీ ఇన్నేళ్ళుగా చెప్పినవి ఎటు పోయాయో నాకు ఎదురుగా, సుద్దముక్క పట్టుకుని, కనిపిస్తోంది. ఇప్పుడు కూడా నేను చెప్పేస్తే వాడు దాన్ని కూడా పటం కట్టి మోసుకెళ్తాడు. నేను బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కిటికీ వైపు చూశాను. పక్క ఫ్యాక్టరీలోంచి మసాలా వాసన వస్తోంది. నిజం చెప్తున్నాను, ఉద్యోగంలో నేను చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైనది ఆ రోజు నోరు మూసుకుని కూర్చోవడం.

"మేడమ్‌కు గొంతు లేదు గదన్నా, నువ్వే చెప్పాలె" అన్నాడు ఉప్పల్ కుర్రాడు.

ఎండీ సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. "నాకు తెల్వది," అన్నాడు. అంత మంది ముందు ఆ మాట వాడి నోటి నుంచి రావడం నేను అంతకు ముందు వినలేదు. చేతులు దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు.

స్టాఫ్ రూముకి వచ్చి స్టాటిస్టిక్స్ సార్‌తో సంగతి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచారు. "అరె, గొంతొచ్చిందా మేడమ్!" నేను గబుక్కున తలుపు వేసి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.

"గొంతుంటే గా పిలగానికి చెప్పెయ్యరాదా? పరీక్ష దగ్గర పడ్డది. రేపు వాడు రాకపోతే?"

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఆ నాలుగు ముక్కలూ చెప్పేస్తే వాడు బట్టీ పట్టి అయినా గట్టెక్కేవాడేమో. నా పంతానికి వాడి ఉద్యోగం పోతుందేమో. వాళ్ళ నాన్న చుట్టాలతో మళ్ళీ డాబా ఎక్కగలడా? ఫోన్ చేద్దామని రెండుసార్లు తీసి, మళ్ళీ పెట్టేశాను. భయం వేసింది, అంతకంటే పెద్ద మాట ఏమీ లేదు.

మర్నాడు గంట కొట్టాక కూడా వాడు రాలేదు. జూనియర్లు నా వైపు చూస్తున్నారు. ఇంక లేచి నేనే మొదలుపెడదామనుకుంటుండగా తలుపు దగ్గర కనిపించాడు. ఉప్పల్ రోడ్డు పనుల దుమ్మంతా జుట్టు మీదే ఉంది. ఈసారి బోర్డు దగ్గరికి వెళ్ళలేదు. బల్ల మీదికెక్కి కూర్చున్నాడు.

"నిన్న ఇంటికి పోతుంటే ఉప్పల్ రింగ్ రోడ్ కాడ ఘట్‌కేసర్ షేర్ ఆటో ఎక్కిన," అన్నాడు. "వాడు కదలడు. ఎనక ముగ్గురం కూసున్నం, ముంగట ఒకలు. ఇంక రాని, ఇంక రాని అంటడు. ఒక పెద్దమ్మ తిట్టుడు మొదలువెట్టింది. నేను గూడ తిడ్దామనుకున్న. మల్ల అనిపించింది, వీడెందుకు కదులుతలేడు?"

క్లాసులో అందరికీ ఆ ఆటో తెలుసు. రోజూ అందులో కూర్చుని తిట్టుకునేవాళ్ళే సగం మంది.

"ఒక్కడెక్కినా, నిండుగ ఎక్కినా వాడు ఘట్‌కేసర్ దాక పోవుడే. గ్యాస్ గంతే కాలుతది, ఆటో కిరాయి గంతే కట్టాలె. గా ఖర్చు ముందుగాల మనం ఇచ్చే పైసలతోని నిండాలె. నిండేదాక వాడు మనల్ని మోసినా వానికి ఏం మిగలదు. గది నిండినంక ఎక్కేటోడు గద, వాడు ఇచ్చేది వాని జేబులకు. గా నిండిన కాడికే బ్రేక్ ఈవెన్." వాడు ఉప్పల్ కుర్రాడి వైపు తిరిగాడు. "నిన్న నువ్వేమడిగినవ్? రేటు తగ్గిస్తే అని. తగ్గిస్తే ఒక్కొక్కడు తెచ్చేది తగ్గుతది. గప్పుడు ఇంకా ఎక్కువ మంది ఎక్కాలె. అంటే మనం ఆటోల ఇంకా సేపు కూసోవాలె!"

క్లాసు గొల్లుమంది. వాడూ నవ్వుతూ బల్ల దిగి, సుద్దముక్క తీసుకుని, పుస్తకంలో లెక్కనే మళ్ళీ బోర్డు మీద వేయడం మొదలుపెట్టాడు. సగం దాకా రాసి ఆగిపోయాడు. ఎన్నిసార్లు కంఠతా పట్టాడో ఆ లెక్కని. ఇప్పుడు అంకెల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటీ మెల్లగా చదువుతున్నాడు.

"అరె," అన్నాడు, మాతో కాదు, తనతోనే. "గిందుల గదే ఉన్నది గదరా."

చివరి బెంచీలో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. ఆ తర్వాత నా గొంతు డాక్టరు గారు చెప్పిన నెల గడిచినా రాలేదు. సిలబస్ పూర్తయ్యేదాకా రాలేదు. ఆ అబ్బాయి ఇది వింటే విననివ్వండి, ఇప్పుడు వాడు నన్నేం చేస్తాడు?

మిగతా యూనిట్లకి వాడి చదువు తీరే మారిపోయింది. క్లాసుకి ముందే వచ్చి నా చుట్టూ తిరిగి సందేహాలు అడిగేవాడు. నేను స్టాఫ్ రూము బోర్డు మీద "నువ్వేమనుకుంటున్నావు?" అని రాసేదాన్ని. రోజూ అదే రాయడం ఎందుకని ఆ వాక్యాన్ని చెరపడం కూడా మానేశాను. వాడు సణుక్కుంటూ వెళ్ళి, వేరే దారిలో తేల్చుకుని వచ్చేవాడు. సాయంత్రాలు నాగారం అమ్మాయికి ఫోన్ చేసి, "ఆ రోజు నువ్వు చెప్పింది నాకు గిప్పుడు సమజైంది" అంటే ఆమె, "గప్పుడు తలకాయ ఎందుకూపినవ్ మరి?" అని తిట్టిందట.

జూనియర్లు కూడా కంపెనీ పెట్టుకుంటామని వాడి సలహా అడిగారు. ఇంకొకరైతే వద్దనేవారు. వాడు ఎండీ కదా, కంపెనీని మూయలేదు, నియమం మార్చాడు. యూనిట్లు ముందుగా పంచుకోకూడదు. పరీక్ష రోజు పొద్దున స్కైవాక్ మీద చీటీలు వేసి, ఎవరికి ఏ యూనిట్ వస్తే వాళ్ళు అది చెప్పాలి. "గట్లయితే అన్నీ చదువుకోవాలె గదన్నా!" అని వాళ్ళు లబోదిబోమన్నారు. "మరి?" అన్నాడు వీడు. అందరూ మారిపోయారనుకోకండి. జూనియర్లలోని పసుపు పెన్ను అమ్మాయి ఆ ఏడు గులాబీ పెన్ను కూడా కొనుక్కుంది.

పరీక్ష రోజు సెంటరు గేటు బయట నిలబడ్డాను. వాడు బయటికి రాగానే ఆత్రం ఆపుకోలేక, "ఎట్లా రాశావురా?" అనేశాను.

"మేడమ్! గొంతొచ్చిందా?"

"ఇవాళే వచ్చింది," అన్నాను. "అంకెలు?"

"పేపర్ల ఉన్నయే ఏసిన మేడమ్. ఈసారి తప్పులుంటె వాల్లవే."

ఫలితాలు మా యూనివర్సిటీ అలవాటు ప్రకారం ఇవాళా రేపా అని ఊరించాయి. పోచారం వాళ్ళ గడువు దగ్గర పడింది. వాడు రోజూ ఫోన్ చేసి, "ఒచ్చినయా మేడమ్?" అని పెట్టేసేవాడు. ఆఖరికి ఒక మధ్యాహ్నం ఫలితాలు వచ్చాయని తెలిసింది. నేను ఇంకా కంప్యూటర్ తెరవకముందే వాడు స్టాఫ్ రూములోకి వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు. మొహం ముడుచుకుపోయి ఉంది. స్టాటిస్టిక్స్ సార్ చేతిలో టీ కప్పు అట్లాగే ఆగింది.

"ఏమైందిరా?"

"పాసైన మేడమ్. సోమారం జాయిన్ కమ్మన్నరు."

స్టాటిస్టిక్స్ సార్ బల్ల మీద గట్టిగా చరిచారు. నాకు ఊపిరి వచ్చింది. "మరి ఆ మొహం ఏంటి, వెధవా! చంపేశావు కదరా నన్ను!"

"గా ఉప్పల్ పోరనికి నాకన్న ఎక్కువొచ్చినయ్ మేడమ్! వాడొక్కడే గాదు, క్లాసుల సగం మందికి నాకన్న ఎక్కువే. వానికి గా యూనిట్ త్రీ చెప్పిందెవలు? నేను! పొద్దంత నిద్రపోయెటోడు మేడమ్ వాడు. నా దగ్గర్నే నేర్చుకోని నన్నే దాటిపోయిండు."

నేను నవ్వడం మొదలుపెట్టాను. వాడు కోపంగా చూశాడు. తర్వాత ఏదో తట్టినట్టు ఆగి, కొంచెం ముందుకి వంగాడు.

"మేడమ్, మీకు ఏటేటా గిట్లనే గద? ఎట్లుంటది?"

అన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క విద్యార్థి కూడా నన్నది అడగలేదు. ప్రిన్సిపాల్ గారు అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

"నీకెట్లా ఉంది?" అన్నాను.

వాడు ఆలోచించాడు. "మండుతున్నది మేడమ్." పెదాలు బిగించి నవ్వు ఆపుకోబోయాడు, కుదరలేదు. "గని మస్తు ఖుషీ గూడ అయితున్నది. ఎందుకో తెల్వది."

"మాకూ అంతే నాయనా," అన్నాను.